ఇబోగా వేరు సారం: ల్యాబ్ రిపోర్టు చూసి నమ్మొచ్చా?

డాలస్_అక్క:
నొప్పి మాత్రలకు బానిసైన మా తమ్ముడు అలవాటు మానడానికి మెక్సికోలో ఒక క్లినిక్‌కి వెళ్లి ఇబోగా అనే ఆఫ్రికా మొక్క వేరు సారం తీసుకుంటానంటున్నాడు. వాళ్లు పంపిన సర్టిఫికెట్‌లో "మొత్తం ఆల్కలాయిడ్లు" (మొక్కలో ఒంటిపై పనిచేసే రసాయనాలు) అని ఒక్క అంకె మాత్రం ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

హెచ్‌పీఎల్‌సీ_మనిషి:
అక్కా, హైదరాబాద్‌లో మూలికల సారాలు పరీక్షించే ల్యాబ్‌లో తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. ఇబోగా నా చేతికి రాలేదు కానీ పద్ధతి ఒకటే. ఆ అంకె ఒక్కటే ఉంటే ఏమీ తేలదు. ఆ వేరు బెరడులో ముఖ్యమైన ఇబోగైన్‌తో పాటు ఇబోగమైన్, ఇబోగలైన్, టాబెర్నాంథిన్ ఉంటాయి. ఏది ఎంత ఉందో విడివిడిగా రావాలి. బ్యాచ్ నంబరు, సీసం, మిగిలిపోయిన సాల్వెంట్ కూడా అడగండి. అశ్వగంధలోనే లాటు లాటుకీ తేడా చూస్తుంటాం.

పెరటి_మొక్క:
మన నందివర్ధనం కూడా ఇబోగా కుటుంబమే. కొరొనారిడిన్ లాంటి అదే జాతి ఆల్కలాయిడ్లు అందులోనూ ఉన్నాయి. దయచేసి ఎవరూ ఇంట్లో ప్రయోగాలు చేయకండి.

టాక్సికాలజీ_గుంటూరు:
అక్కా, సారం ఎంత శుద్ధంగా ఉన్నా గుండెకు ముప్పు పోదు. కొత్త మందులకు మేం మొదట్లోనే చేసే పరీక్షల్లో హెర్గ్ ఒకటి, అంటే గుండె కణాల్లో పొటాషియం వెళ్లే దారికి మందు అడ్డుపడుతుందా అని చూడటం. ఆ దారిని ఇబోగైన్ అడ్డుకుంటుంది. ఈసీజీలో క్యూటీ (గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమయ్యేందుకు పట్టే సమయం) సాగుతుంది, లయ తప్పితే ప్రాణమే పోవచ్చు. పైగా కాలేయం దాన్ని నోరిబోగైన్‌గా మారుస్తుంది. అదీ ఆ దారినే అడ్డుకుంటుంది, రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది. అందుకే ఒక్క రాత్రి మానిటర్ పెట్టి పంపేస్తామంటే ఒప్పుకోకండి. 1990 నుంచి 2008 దాకా ఇబోగైన్ తీసుకున్నాక జరిగిన 19 మరణాలను 2012లో ఒక పరిశోధన పత్రం పరిశీలించింది. కొందరికి ముందే గుండె జబ్బుంది, కొందరి ఒంట్లో వేరే మత్తుమందులు దొరికాయి.

లిబ్రవిల్_నుంచి:
గాబన్‌లో బ్విటి అనే సంప్రదాయ మతం దీక్షలో ఇది తినేవాళ్లను పెద్దలు రాత్రంతా కనిపెట్టుకుని ఉంటారు. ఒంటరిగా వదలరు.

ఐసీయూ_సిస్టర్:
అక్కా, తమ్ముడు మెథడోన్ (ఇలాంటి అలవాటు మానడానికి ఇచ్చే మందు) వాడుతున్నాడా? అదీ క్యూటీని పెంచేదే. విరేచనాలతో పొటాషియం పడిపోయిన ఒకాయనకు మామూలు యాంటీబయాటిక్‌తోనే లయ తప్పడం నా డ్యూటీలో చూశాను, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. 2024లో వచ్చిన స్టాన్‌ఫర్డ్ అధ్యయనంలో 30 మంది మాజీ సైనికులకు ఇబోగైన్‌తో పాటు గుండె రక్షణ కోసం మెగ్నీషియం కూడా ఇచ్చారు. మీరు చెప్పిన క్లినిక్‌లో డీఫిబ్రిలేటర్ (షాక్ ఇచ్చి గుండె లయ సరిచేసే యంత్రం), దాన్ని వాడటం వచ్చిన డాక్టరు ఉన్నారో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

డాలస్_అక్క:
అడిగాను. మెథడోనే వాడుతున్నాడట, ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు. టికెట్ ఆపించాను. గురువారం కార్డియాలజిస్ట్ దగ్గరికి నేనే తీసుకెళ్తున్నాను.