అలివేలు అనే పేరు: ఎక్కడి నుంచి వచ్చింది, ఏమిటి దాని అర్థం?

ప్రశ్న: ఓరుగల్లు వాసి

మా పాపకు త్వరలో నామకరణం చేయబోతున్నాము. మా నాయనమ్మ పేరు అలివేలమ్మ. ఆ పేరునే "అలివేలు" అని పాపకు పెట్టాలని నాకూ నా భార్యకూ కోరిక. పెద్దవాళ్లు మాత్రం ఈ కాలంలో ఆ పేరు ఎవరు పెడుతున్నారని, బడిలో తోటిపిల్లలు నవ్వుతారని అంటున్నారు. తిరుచానూరు అమ్మవారి పేరని అందరికీ తెలిసినా, అర్థం అడిగేసరికి ఇంట్లో తలా ఒక మాట చెప్పారు: తుమ్మెదల వంటి జడ గలదని ఒకరు, "వేలు" అంటే కుమారస్వామి చేతిలోని శూలమని మరొకరు, "అల వేలుపు" అన్న మాటే అలా మారిందని ఇంకొకరు. అమ్మవారి పేరు పద్మావతి అయినప్పుడు ఈ అలివేలు ఎలా వచ్చింది? అలమేలు, అలివేలు ఒకటేనా? ఇప్పటికీ ఈ పేరు పెట్టుకుంటున్నవారు ఉన్నారా? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: పద్యాభిమాని

మీ ఇంట్లో మొదటివారు చెప్పినది తీసిపారేయదగినది కాదు. "అలి" అంటే తుమ్మెద, "వేణి" అంటే జడ. "అలివేణీ" అని స్త్రీని సంబోధించడం మన ప్రబంధాలలో అడుగడుగునా కనిపిస్తుంది. అలివేణి జనం నోట అలివేలుగా మారడం అసాధ్యమని నేను అనుకోను. పేరుకు అందమైన అర్థం కావాలంటే ఇంతకన్నా ఏం కావాలి?

సమాధానం: పద్మసరోవరం

అర్థం అందమైనదే కాని, ఈ పేరుకు అది చెందదు. అలివేణి సంస్కృత సమాసం, అలివేలు మూలం తమిళం. రెండింటికీ మొదటి మూడు అక్షరాలు కలవడం కేవలం యాదృచ్ఛికం.

అసలు రూపం "అలర్‌మేల్‌మంగై". తమిళంలో "అలర్" అంటే వికసించిన పువ్వు, "మేల్" అంటే పైన, "మంగై" అంటే పడుచు. పువ్వు మీద కొలువైన పడుచు, అంటే తామరపూవు మీద ఆసీనురాలైన లక్ష్మీదేవి అని అర్థం. దీనికి ఎంతో పాత ఆధారం ఉంది. తమిళ వైష్ణవ భక్తకవులైన ఆళ్వారులలో ఒకరైన నమ్మాళ్వారు తిరువాయ్‌మొళి అనే పద్యగ్రంథం ఆరవ పత్తులోని (భాగంలోని) పదవ దశకంలో తిరువేంకటేశ్వరుణ్ణి శరణు వేడుతూ "అగలగిల్లేన్ ఇఱైయుం ఎన్ఱు అలర్‌మేల్ మంగై ఉఱై మార్బా" అంటారు. క్షణమైనా విడిచి ఉండలేనంటూ అలర్‌మేల్‌మంగ నివసించే వక్షస్థలం గలవాడా అని ఆ సంబోధనకు భావం. తిరుమల మూలవిరాట్టు వక్షస్థలంలోనే లక్ష్మి ఉండడం, కొండమీద అమ్మవారికి వేరే గుడి లేకపోవడం, ఆమె ఆలయం కొండ దిగువన తిరుచానూరులో ఉండడం గుర్తు చేసుకుంటే ఈ పాశురం ఎంత సూటిగా ఈ క్షేత్రానికి చెందినదో తెలుస్తుంది. తిరుచానూరును అలివేలుమంగాపురం అనడం కూడా ఈ పేరునుంచే.

పద్మావతి అన్నది వేరే దారిలో వచ్చిన సంస్కృత నామం. తిరుచానూరు పుష్కరిణిలోని బంగారు పద్మంలో కార్తిక శుద్ధ పంచమినాడు అమ్మవారు ఆవిర్భవించిందన్న కథ ఒకటి, నారాయణవనం ఆకాశరాజు కుమార్తెగా పెరిగి శ్రీనివాసుణ్ణి పెళ్లాడిందన్న కథ మరొకటి ఆ నామాన్ని చుట్టుకొని ఉన్నాయి. రెండు పేర్లలోనూ తామర ఉన్నది కనుక అవి ఒకదానికొకటి అనువాదాలని కొందరు రాస్తుంటారు. మాటకు మాట సరిపెట్టవలసివస్తే అలర్‌మేల్‌మంగకు దగ్గరగా వచ్చేది పద్మాలయ, పద్మాసన వంటి నామాలే తప్ప పద్మావతి కాదు.

ఇక తమిళ పేరు మన నోటికి ఎలా ఒదిగిందన్నది. తమిళంలో "ఐ"తో ముగిసే మాటలు మనకు "అ"తో ముగుస్తాయి: తలై మనకు తల, మలై మనకు మల, అలాగే మంగై మంగ అయింది. కాల్ కాలు అయినట్లు మేల్ మేలు అయింది. అలర్‌లోని చివరి రకారం మకారం ముందు జారిపోయింది. ఇలా ఏర్పడిన అలమేలుమంగను తాళ్లపాక అన్నమయ్య (1408–1503) సంకీర్తనల్లో నిలిపాడు. ఆయన అహోబిల మఠాధిపతి ఆదివన్ శఠగోపయతి వద్ద ద్రావిడ వేదాంతం, అంటే ఆళ్వారుల తమిళ పాశురాలు, అభ్యసించినట్లు మనవడు చిన్నన్న రాసిన చరిత్ర చెబుతుంది కనుక, ఆళ్వారుల పలుకు ఆయనకు పరాయిది కాదు. "అలరులు కురియగ నాడెనదే, అలకల కులుకుల నలమేలుమంగ" అన్న పల్లవిలో పేరు మొదట్లోని పువ్వును ఆయన పక్కనే తెలుగు అలరులుగా కురిపించడం చూడండి. తెలుగులోనూ అలరు అంటే పువ్వే. మన్మథుణ్ణి అలరువిల్తుడు అన్నది అందుకే. మూలం తమిళమైనా ఈ పేరులోని మొదటి మాట మనదీ తమిళులదీ ఉమ్మడి సొత్తు.

అలమేలు అలివేలు కావడం ఇక జనం చేసిన పని. మామిడిని మావిడి, మామయ్యను మావయ్య అన్న నోరే అలమేలును అలవేలు అని, దాన్నే ఇంకొంచెం తేలిక చేసుకొని అలివేలు అని అన్నది. కనుక రెండూ ఒకటే పేరు. ఒకటి గుడిలోనూ కీర్తనలోనూ నిలిచిన రూపం, రెండవది ఇంటి రూపం. ఇందులో శూలానికీ "అల వేలుపు"కూ చోటు లేదు.

సమాధానం: మెట్టినిల్లు మైసూరు

ఈ పేరు తెలుగునాటికే పరిమితం కాదు. తమిళనాట అలమేలు అన్న పేరు మొన్నమొన్నటివరకు ఇంటింటా వినిపించేది. కర్ణాటక సంగీత విదుషీమణి డి.కె. పట్టమ్మాళ్‌కు (1919–2009) తల్లిదండ్రులు పెట్టిన పేరు అలమేలే. కన్నడనాట ఈ పేరు వినగానే గుర్తుకు వచ్చేది అలమేలమ్మ. 1610లో మైసూరు పాలకుడు రాజ ఒడెయరు శ్రీరంగపట్నాన్ని స్వాధీనం చేసుకున్నప్పుడు, అక్కడి విజయనగర ప్రతినిధి శ్రీరంగరాయల భార్య అయిన ఆమె తన నగల కోసం వెంటబడినవారికి చిక్కకుండా కావేరిలో దూకిందనీ, కావేరి ఒడ్డునున్న తలకాడు ఊరు ఇసుకపాలు కావాలని, మాలంగి దగ్గర నది మడుగు కావాలని, మైసూరు రాజులకు సంతానం కలగకూడదని శపించిందనీ ఐతిహ్యం. మైసూరు రాజకుటుంబం ఆమె ప్రతిమకు పూజ చేస్తూ వచ్చింది. ఈ కథ వల్ల ఇక్కడివారు ఆ పేరు పెట్టడానికి వెనుకాడతారా అని అడగకండి. నాకు తెలిసినంతలో ఆ పేరు వాడుక తగ్గడానికి శాపంతో పనిలేదు.

తగ్గిన కారణం తెలుగునాటా ఇక్కడా ఒకటే. అలివేలు, ఆండాళ్లు, మంగతాయారు, రంగనాయకమ్మ వంటి పేర్లు ఒక తరంలో విరివిగా ఉండి, ఆ తరంతోనే వృద్ధులైపోయాయి. వైష్ణవ కుటుంబాలలోనే కాక తెలంగాణ పల్లెల్లో అన్ని కులాలవారిలోనూ అలివేలమ్మలు, ఆండాళమ్మలు ఉండేవారు. ఆ తరువాత రెండు మూడు అక్షరాల సంస్కృత నామాల మీద మోజు పెరిగి, పద్మావతి పద్మగా రూపు మార్చుకొని నిలిచింది. అలివేలుకు అటువంటి పొట్టి రూపం ఏర్పడలేదు. అర్థం తెలియకపోవడం కంటే పేరు వినగానే ముసలావిడ ముఖం కళ్లకు కట్టడమే దానికి ఎక్కువ చేటు చేసిందని నా నమ్మకం. ఇప్పటి పసిపిల్లల్లో ఈ పేరు చాలా అరుదు. అయినా పాతపేర్లు తిరిగి తలెత్తుతున్న ఈ రోజుల్లో అరుదైన పేరు కావడం ఒక లోపమని నేను అనుకోను.

ఓరుగల్లు వాసి

అందరికీ కృతజ్ఞతలు. పద్మసరోవరం గారి వివరణ మా నాన్నకు చదివి వినిపించాను. శూలం వాదన ఆయనదే, కొంచెం చిన్నబోయారు. ఇంకొక చిక్కు ఉంది. పాపది ఉత్తరాభాద్ర నక్షత్రం, పురోహితులు "దు", "ఝ" వంటి అక్షరాలు చెప్పారు. పైగా మా బావగారు అమెరికాలో ఉంటారు, ఇంగ్లీషులో రాస్తే ఈ పేరు ఎవరికీ పలకదని ఆయన అభ్యంతరం.

సమాధానం: డాలస్ కోడలు

మీ బావగారి మాటలో కొంత నిజం ఉంది. ఇంగ్లీషు అక్షరాలలో అలివేలు అని రాస్తే మొదటి అయిదు అక్షరాలు చూసి ఇక్కడివారు "అలైవ్" అని మొదలుపెట్టి ఆగిపోతారు. అలమేలు అని రాస్తే ఆ బెడద లేదు, మహా అయితే "అలమీలు" అంటారు, ఒకసారి చెబితే దిద్దుకుంటారు. అందుకని జనన ధ్రువపత్రంలో అలమేలు అని రాయించి ఇంట్లో అలివేలు అని పిలవమని నా సలహా. అయితే ధ్రువపత్రంలో ఏ వర్ణక్రమం రాయిస్తారో ఆధార్‌లోనూ పాస్‌పోర్టులోనూ అదే ఉండేలా మొదటినుంచే చూసుకోండి, తరువాత మార్పించుకోవడం పెద్ద తలనొప్పి.

బడి సంగతి కూడా చెప్పాలి. పిల్లలు "అలివేలు, అయిదువేలు" అని ఆట పట్టించడం ఖాయం. అది నాలుగు రోజుల ముచ్చట. దానికంటే ముఖ్యం, ముద్దుపేరుగా "అలి" అని మాత్రం కుదించకండి: తొలి అచ్చు కాస్త సాగితే తెలుగువారికి భార్య అని, బయటివారికి మగపిల్లవాడి పేరని వినిపిస్తుంది. "మంగ" అని పిలుచుకోండి, అది ఈ పేరులోనిదే.

నక్షత్రాక్షరం గురించి మా ఇళ్లలో ఎవరూ ఇంత బెంగ పెట్టుకోలేదు. బియ్యంలో పేరు రాసేటప్పుడు దుర్గ అనో మరొకటో నక్షత్రనామం రాయించి, దాని కింద వ్యవహారనామంగా అలమేలు రాయించండి. మీ పురోహితులు కాదనరు.