గేమ్‌ల మీద వ్యాసాల్లో చదవదగ్గవి ఉన్నాయా?

రాత్రిపిట్ట:
మొన్న ఒక గేమ్ కొనేముందు ఓ సైట్‌లో రివ్యూ చదివాను. గ్రాఫిక్స్ అదుర్స్, కథ సూపర్, చివర్లో పదికి తొమ్మిది. మామూలు లాప్‌టాప్‌లో నడుస్తుందా అన్న ముక్క మాత్రం లేదు. ఇప్పుడు నా గేమ్‌లో గుర్రం రెండడుగులు వేసి ఫొటోలా ఆగిపోతోంది. మీరు చివరిదాకా చదివిన వ్యాసం ఒక్కటైనా ఉందా?

పాతడబ్బా:
ఉంది. స్పేస్ ఇన్వేడర్స్ (1978) అనే పాత షూటింగ్ గేమ్ మీద ఒకటి. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ల వేగం పెరుగుతుంది కదా, మనల్ని టెన్షన్ పెట్టడానికే అలా చేశారనుకునేవాణ్ణి. అసలు సంగతేంటంటే, అన్ని బొమ్మలను కదపడం ఆ ప్రాసెసర్‌కి భారం. కొన్ని పోగానే పని తేలికై మిగతావి పరుగెత్తేవి. తయారుచేసిన తొమోహిరో నిషికాడో దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచేశారు. అది చదివాక మళ్లీ ఆడాను. చివర మిగిలిన ఒక్కడు అటూ ఇటూ ఉరుకుతుంటే నవ్వాగలేదు, గురి కూడా తప్పింది.

వీకెండ్‌వీరుడు:
నేనైతే ముందు ఏ మెషీన్ మీద ఆడి రాశారో చూస్తాను. సైబర్‌పంక్ 2077 అనే గేమ్‌కి విడుదలకు ముందు రివ్యూల కోసం ఇచ్చినవి పీసీ కాపీలు. మార్కులు బ్రహ్మాండం. 2020 డిసెంబర్‌లో సోనీ వాళ్ల గేమ్ మెషీన్ పీఎస్4లో ఆడినవాళ్లకు చుక్కలు కనిపించాయి. పది రోజులు తిరక్కుండానే సోనీ తన స్టోర్ నుంచి దాన్ని తీసేసింది.

రాత్రిపిట్ట:
పాతడబ్బా అన్నా, ఆ స్పేస్ ఇన్వేడర్స్ వ్యాసం లింక్ పెట్టు. నా లాప్‌టాప్‌లో నడిచే గేమ్ అదొక్కటే అనుకుంటా.