చేత్తో కుట్టిన నోటుపుస్తకాలు: అమ్మే ముందు ఇంకేం నేర్చుకోవాలి?

అందరికీ నమస్కారం. కొంతకాలంగా సరదా కోసం నోటుపుస్తకాలు చేత్తో కుట్టి బైండింగ్ చేస్తున్నాను. కాగితాలు మడిచి, మైనం రాసిన దారంతో కుట్టడం బాగానే చేతికొచ్చింది. కాగితంలోని పీచు పుస్తకం వెన్ను వెంట నిలువుగా ఉండాలని, అడ్డంగా పడితే మడత దగ్గర పగుళ్లిస్తుందని చేస్తూ చేస్తూనే తెలిసింది. ఇంత ఇష్టంగా నేర్చుకున్న పని నాకు మరొకటి లేదు.

ఇప్పుడు తెలిసినవాళ్లు అమ్మకానికి పెట్టమంటున్నారు. నాకూ ఆశగానే ఉంది. కానీ ఒక్క పుస్తకం బాగా రావడం వేరు, అదే కొలతతో ఇరవై రావడం వేరు. అంచులు కోసేటప్పుడు కత్తి పక్కకు జరుగుతోంది. అట్ట అంటించాక వంగిపోకుండా రాత్రంతా బరువు కింద పెట్టాలి. ఆర్డర్లన్నీ ఒకేసారి వస్తే తట్టుకోగలనా?

అభిరుచిని వ్యాపారంగా మార్చుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. చేతిపనిలో నిలకడ వచ్చేదాకా ఆగారా, కొద్దికొద్దిగా అమ్ముతూనే నేర్చుకున్నారా? ధర కట్టేటప్పుడు మీ శ్రమను, పాడైన కాగితాన్ని ఎలా లెక్కేశారు? ముఖ్యంగా, కాగితాలు కోసే యంత్రం ఇప్పుడే కొనడం తొందరపాటు అవుతుందా?