పేరు తగాదా తేలకముందే పొరుగు దేశాలు కలిసి పనిచేయగలవా? ప్రెస్పా ఒప్పందంపై ఒక సందేహం

పర్లాకిమిడి వాసి:
అందరికీ నమస్కారం. మా ఊళ్ళో రాజనీతి శాస్త్రం చదివే డిగ్రీ పిల్లలకు సాయంత్రాలు పాఠాలు చెబుతుంటాను. గ్రీసుకూ మాసిడోనియాకూ మధ్య నడిచిన పేరు వివాదం ఈ వారం పాఠం. 1991లో యుగోస్లావియా నుంచి విడిపోయిన దేశం తన పేరు మాసిడోనియా అని ప్రకటించుకోగా, థెస్సలొనీకి ముఖ్య నగరంగా ఉన్న తమ ఉత్తర ప్రాంతానికి ఆ పేరు ఎప్పటినుంచో ఉన్నదనీ, అలెగ్జాండరు వారసత్వం తమదేననీ గ్రీసు అభ్యంతరం చెప్పింది. అందువల్ల 1993లో ఐక్యరాజ్యసమితి ఆ దేశాన్ని 'పూర్వపు యుగోస్లావ్ మాసిడోనియా గణతంత్రం' అనే తాత్కాలిక వ్యవహారంతో చేర్చుకోవలసి వచ్చింది. చివరకు 2018 జూన్ 17న ప్రెస్పా సరస్సు ఒడ్డున సంతకాలు జరిగి, అది 'ఉత్తర మాసిడోనియా' అయింది.

ఇంతవరకు చెప్పగానే ఒక విద్యార్థిని అడిగింది: "పేరు తేలాక సహకారం మొదలైందా, సహకారం ఉండబట్టి పేరు తేలిందా?" ఆ అమ్మాయిది మహేంద్రతనయ నదికి అవతల, ఆంధ్రలోని పాతపట్నం. ఒడిశాలోని మా ఊరి పేరును రోజూ ఒక బోర్డు మీద పర్లాకిమిడి అనీ, మరో బోర్డు మీద పారలాఖెముండి అనీ చదువుతూ వస్తుంది. నేను తడుముకున్నాను. పెద్దలు చెప్పగలరు.

వంశధార ఒడ్డు, గుణుపురం:
సహకారమే ముందు వచ్చిందని నా అభిప్రాయం. పెద్ద ప్రెస్పా సరస్సు గ్రీసు, అల్బేనియా, మాసిడోనియాలు మూడింటికీ ఉమ్మడిది. పేరు విషయంలో రాజీ కుదరడానికి పద్దెనిమిదేళ్ళ ముందే, 2000 ఫిబ్రవరి 2న, మూడు దేశాల ప్రధానులు ఆ పరిసరాలను ప్రెస్పా పార్కుగా ప్రకటించారు. అక్కడ గూడు కట్టే డాల్మేషియన్ పెలికాన్లు మన తేలినీలాపురానికి ఏటా వచ్చే గూడబాతులకు దగ్గరి చుట్టాలే. ఒక దేశంలో గుడ్లు పెట్టి మరో దేశంలో చేపలు పట్టుకునే పక్షిని ఎవరో ఒక్కరే కాపాడలేరు. అంతకుముందు 1995లో కుదిరిన తాత్కాలిక ఒప్పందంతో మాసిడోనియా తన జెండాపై ఉన్న వెర్గినా సూర్యుణ్ణి, అంటే ప్రాచీన మాసిడోనియా రాజుల చిహ్నాన్ని, తీసివేసింది, గ్రీసు వాణిజ్య దిగ్బంధాన్ని ఎత్తివేసింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

మన దగ్గరా కొంత ఇంతే. ఆంధ్ర, ఒడిశాలు రెండూ తమదనే కొఠియా గ్రామాలు ఎవరివన్నది తేలకపోయినా, ఆ రెండు రాష్ట్రాల మధ్య వంశధార నీటి పంపకంపై 2017లో ట్రిబ్యునల్ తీర్పు వచ్చి, నేరడి బ్యారేజీకి అనుమతి దొరికింది. అయితే అది ఇరుపక్షాలు కూర్చుని కుదుర్చుకున్నది కాదు, ట్రిబ్యునల్ తేల్చినది. ఆ తేడాను దాచడం నాకిష్టం లేదు.

పొట్టంగి పంతులు:
గుణుపురం మిత్రులతో సగమే ఏకీభవిస్తాను. నేనుండేది కొఠియాకు దగ్గరలోనే. వివాదంలో ఉన్న ఆ 21 గ్రామాలలో ఒకే గడపలో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు కనిపిస్తాయి. ఒకరు రోడ్డు వేస్తే మరొకరు బడి కడతారు. బయటి నుంచి చూసేవారికి అది సహకారంలా కనిపించవచ్చు గానీ, అసలుకు అది పోటీ.

1995 నాటి ఏర్పాటుకు కూడా ఒక హద్దు ఉండేది. తాత్కాలిక పేరుతో వస్తే అంతర్జాతీయ సంస్థలలో చేరికను అడ్డుకోనని మాట ఇచ్చిన గ్రీసు, 2008లో బుఖారెస్టు సమావేశంలో నాటో ఆహ్వానం రాకుండా చేసింది. అది ఒప్పంద ఉల్లంఘనేనని అంతర్జాతీయ న్యాయస్థానం 2011లో తీర్పు చెప్పింది, కాని ఆ తీర్పుతో తలుపు తెరుచుకోలేదు. పేరు మారిన తర్వాతనే, 2020 మార్చిలో, సభ్యత్వం దక్కింది. మన రెండు రాష్ట్రాల తగాదాలు తీర్చడానికి పైన ఒక పార్లమెంటు ఉన్నది. వారికి ఆ స్థానంలో పనిచేసినది సభ్యత్వం అనే ఆశ.

నన్ను ఆకట్టుకున్నది ప్రెస్పా ఒప్పందంలోని ఏడవ అధికరణం. 'మాసిడోనియా' అన్న మాటను తాము వేర్వేరు అర్థాలలో వాడుతున్నామని ఇరుపక్షాలు అందులో రాతపూర్వకంగా ఒప్పుకున్నాయి. గ్రీసుకు అది తన ఉత్తర ప్రాంతం, ప్రాచీన హెల్లెనిక నాగరికత. రెండవ పక్షానికి తన భూభాగం, తన ప్రజలు, తన భాష. భాష పేరు మాసిడోనియన్‌గానే ఉంటుంది, కాని అది దక్షిణ స్లావ్ కుటుంబానికి చెందినదని కూడా రాశారు. ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు, ఒప్పించవలసిన అవసరం లేకుండా చేసుకున్నారు.

పాతపుస్తకం:
అక్కడితో కథ ముగిసిందని పిల్లలకు చెప్పకండి. ఒప్పందంపై మాసిడోనియాలో జరిగిన 2018 సెప్టెంబరు ప్రజాభిప్రాయ సేకరణకు సుమారు 37 శాతం మందే వచ్చారు. గ్రీసు పార్లమెంటులో 300 మందికి 153 ఓట్లే పడ్డాయి. ఆ వెంటనే మరో పొరుగుదేశం లేచింది. 1992లోనే మాసిడోనియాను గుర్తించిన బల్గేరియా, ఆ భాషను మాత్రం వేరు భాషగా ఒప్పుకోక, 2020లో ఐరోపా సమాఖ్య చర్చలను అడ్డుకుంది. పేరు వదులుకున్నవారిని భాషనూ వదులుకోమన్నట్లయింది.

భాష దగ్గర మనిషి ఎంత బిగుసుకుంటాడో మన పర్లాకిమిడికి తెలియనిది కాదు. సవర భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి గారు, 1936లో ఈ ఊరు ఒడిశాలో చేరినప్పుడు, ముసలితనంలో ఇక్కడి ఇల్లు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు.

పర్లాకిమిడి వాసి:
ముగ్గురికీ ధన్యవాదాలు. సరస్సూ వ్యాపారమూ పేరు కోసం ఆగలేదనీ, నాటో మాత్రం ఆగిందనీ ఆ అమ్మాయికి చెబుతాను. ఏడవ అధికరణాన్ని తెలుగు చేసి సోమవారం పిల్లలకు ఇవ్వాలనుకుంటున్నాను. ఒకటే చిక్కు: అక్కడ 'మాసిడోనియన్' అన్న ఒకే మాట భాషనూ ప్రజలనూ కూడా చెబుతుంది, పైగా రెండు పక్షాలకు రెండు అర్థాలు. తెలుగులో దానిని ఒకే మాటగా ఉంచడమా, విడగొట్టడమా? ఎవరికైనా తోస్తే ఆదివారం లోపు రాయండి.