ప్యాకెట్ మీద ఫ్లోరిడా, బెడ్ మీద ఇంకోటి: తేల్చేది డీఎన్‌ఏనా, కాపునా?

అనంతపురం షెడ్డు: ముత్యపు చిప్ప పుట్టగొడుగులు వేస్తున్నాను. ఈసారి తెచ్చిన స్పాన్ (పుట్టగొడుగుల విత్తనం) ప్యాకెట్లన్నిటి మీదా ‘ఫ్లోరిడా’ రకం అనే ఉంది. కానీ సగం బెడ్లకు తెల్లటి గొడుగులొస్తే, మిగతావాటికి పిన్‌హెడ్లు (చిన్న మొగ్గలు) ముదురు బూడిద రంగులో లేచి, విచ్చుకున్నాక లేత గోధుమ రంగుకు తిరిగాయి. డీలరేమో ‘ఎండల వల్ల సార్’ అంటాడు. డీఎన్‌ఏ పరీక్ష చేయించమని ఒకరు, దండగ ఖర్చని ఇంకొకరు. ఏం చేయమంటారు?

కేసీ కాలువ రైతు: దండగే అన్నా. ఫ్లోరిడా తెలుపు, సజోర్-కాజు అనే ఇంకో చిప్ప రకం బూడిద. ఏళ్ల తరబడి కోసేవాడికి రిపోర్టు ఎందుకు? సంతలో కొనేవాళ్లెవరూ డీఎన్‌ఏ అడగరు.

కడప బోటనీ: రంగును అంతగా నమ్మకండి. వెలుతురు తగ్గినా, వేడి పెరిగినా బూడిద రంగు గొడుగు కూడా వెలిసిపోతుంది. గాలి ఆడకపోతే కాడ సాగి, గొడుగు చిన్నదవుతుంది. అది షెడ్డు లక్షణం, జాతి లక్షణం కాదు.

అసలు సజోర్-కాజు అనే పేరే పెద్ద తికమక. హిమాలయాల దిగువన ఒక జెముడు మొక్క మీద దొరికిన పుట్టగొడుగును 1970లలో మన దేశంలో ఆ పేరుతో సాగుకు తెచ్చారు. అసలు సజోర్-కాజును మాత్రం 1975లో పెగ్లర్ అనే శాస్త్రవేత్త తిరిగి లెంటైనస్ ప్రజాతిలో పెట్టాడు. దాని కాడకు ఉంగరం ఉంటుంది, కండ తోలులా గట్టిగా ఉంటుంది. మన బెడ్ల మీద వచ్చేదానికి ఆ ఉంగరం ఎక్కడుంది? మనది ప్లూరోటస్ పల్మొనేరియస్. ఫ్లోరిడానేమో చాలామంది ప్లూరోటస్ ఆస్ట్రియేటస్‌లోనే కలుపుతారు, ఎందుకంటే ఆ రెండూ జత కడతాయి. ఒక్కో స్పోరు (విత్తనంలాంటి రేణువు) నుంచి పెంచిన పోగులను, అంటే సన్నని బూజు దారాలను, ఒకే పళ్లెంలో పక్కపక్కన పెట్టి చూస్తారు. జత కుదిరితే పోగుల అడ్డుగోడల దగ్గర చిన్న కొక్కేలు మైక్రోస్కోపులో కనిపిస్తాయి. ఆస్ట్రియేటస్‌కూ పల్మొనేరియస్‌కూ మామూలుగా అవి రావు.

కేసీ కాలువ రైతు: ఉంగరం ఉందో లేదో కంటితో చూసే కదా సారూ తేల్చింది? నేను చెప్పిందీ అదే.

కడప బోటనీ: ఉంగరం వేరు, రంగు వేరు. వాతావరణం మారితే ఉంగరం పుట్టుకురాదు. అలా మారని లక్షణం ఫ్లోరిడాకూ పల్మొనేరియస్‌కూ మధ్య కంటికి దొరకదు, స్పోర్ ప్రింట్ (గొడుగును కాగితం మీద బోర్లిస్తే పడే స్పోర్ల పొడి అచ్చు) కూడా దాదాపు ఒకేలా ఉంటుంది. ఐటీఎస్ అనే డీఎన్‌ఏ ముక్కను శిలీంధ్రాలకు గుర్తింపు బార్‌కోడ్‌గా 2012లో ప్రతిపాదించారు. ఇక్కడ అది పనికొస్తుంది.

ఆదోని అక్క: పేరు తెలిస్తే దిగుబడి తెలుస్తుందా? ఒకే జాతిలో రెండు వంగడాలుంటే ఆ ముక్క చాలాసార్లు ఒకేలా ఉంటుంది. ఒకటి వేడికి కాస్తుంది, ఇంకొకటి మొండికేస్తుంది. అది బెడ్డే చెప్పాలి. మే నెలలో అయితే నేను చిప్ప జోలికే పోను, పాల పుట్టగొడుగు వేసుకుంటాను. 35 డిగ్రీలకు కూడా దానికేం టెన్షన్ ఉండదు.

నల్లమల అంచు: స్పోర్ ప్రింట్ మాకు అడవి పుట్టగొడుగులకు పనికొస్తుంది. అవి వానలప్పుడు చెదపుట్టల మీద దొరుకుతాయి. వాటి స్పోర్ ప్రింట్ లేత గులాబీ. గడ్డిలో మొలిచే విషపుదానికి, క్లోరోఫిల్లమ్‌కు, ఆకుపచ్చ. రాత్రి కాగితం మీద బోర్లిస్తే పొద్దునకు తెలుస్తుంది. ఆకుపచ్చ పడితే పారేయడమే. గులాబీ పడినంత మాత్రాన తినేయమని కాదు సుమా!

కడప బోటనీ: అక్క అన్నదానికి ఒప్పుకుంటాను. అయినా షెడ్డు అన్నకు ఇప్పుడు కావాల్సింది జాతి పేరు కాదు. డీలరు ఇచ్చింది ఒకే కల్చరా (ఒకే మూలం నుంచి పెంచిన పోగులా), రెండా అన్నది తేలితే చాలు. తెల్ల గొడుగు కాడ లోపలి కండ ఒక ముక్క, బూడిద గొడుగుది ఒక ముక్క శుభ్రంగా తీసి, ఒకే అగార్ (పోగులు పెంచే జెల్లీ) పళ్లెంలో ఎదురెదురుగా పెట్టించండి. ఒకే కల్చరైతే పోగులు కలిసిపోతాయి. వేరైతే కలిసేచోట స్పష్టంగా గీత పడుతుంది. ఇది కూడా జన్యువుల పరీక్షే, చూసేది మాత్రం కంటితో. తెల్లదాన్ని తెల్లదానితో కూడా ఒక పళ్లెంలో పెట్టండి, లేకపోతే డీలరు ఒప్పుకోడు.

అనంతపురం షెడ్డు: పళ్లేలు పోసిచ్చే ల్యాబు ఇక్కడ ఉంది సార్. రేపు రెండు రకాలవీ కోసి ఇస్తాను. మిగిలిన ప్యాకెట్లు విప్పకుండా పక్కన పెట్టాను.

కేసీ కాలువ రైతు: గీత పడితే ఫోటో పెట్టన్నా. పడకపోయినా పెట్టు.