చిక్కుకున్న పైముందు పన్నుకు వంకర వేరు: లాగాలా, తీసేయాలా?

ప్రశ్న
ఎనిమిదిన్నరేళ్ల బాబు. 11 (కుడి పైముందు పన్ను) వచ్చి ఏడాది దాటింది, 21 (ఎడమది) జాడ లేదు. నాలుగేళ్లప్పుడు పడితే పాలపన్ను చిగుట్లోకి దిగబడిందట. మామూలు ఎక్స్‌రేలో క్రౌన్ (పన్ను తల భాగం) గుండ్రంగా ఉంది, వేరు కనబడట్లేదు. అసలు వేరు లేదనుకోవాలా? పన్ను తీసేయమని తల్లిదండ్రులు అడుగుతున్నారు.

సమాధానం 1
తొందరపడి తీయకండి. కిరణం పన్నుకు నిలువునా తగులుతోంది, అందుకే వేరు క్రౌన్ వెనక దాక్కుని ఉండవచ్చు. ముందు పళ్ల వరకే చిన్న ఫీల్డ్ సిబిసిటి (3డి ఎక్స్‌రే) తీయించండి. పక్కనుంచి కోసిన స్లైసులో వంపు ఎక్కడ మొదలైందో, వేరు ఎంత పెరిగిందో, కొస ఇంకా తెరిచి ఉందో లేదో చూడండి.

దెబ్బకు క్రౌన్ పైకి తిరుగుతుంది. వేరును కట్టే హెర్ట్‌విగ్ తొడుగు మాత్రం పాత దిక్కునే సాగుతుంది. మలుపు పడేది అక్కడే. ఆ స్థితిలో వదిలేస్తే పెరిగే కొస గట్టి ఎముకకు తగిలి ఇంకా వంగవచ్చు. ఈ పన్ను వేరు దాదాపు పదేళ్లకు పూర్తవుతుంది. మూడింట రెండు వంతులు దాటకముందే పన్నును దారిలో పెడితే, మిగతా వేరు మెరుగైన దిక్కులో పెరిగే అవకాశం ఉంటుంది. కాబట్టి ఆర్నెల్లు ఆగి చూద్దామనడం ఇక్కడ సరికాదు.

సమాధానం 2
సర్జరీ కన్నా ముందు చోటు చేయండి, కనీసం 11 వెడల్పంత. ఆ తర్వాత పక్క పళ్లకు గట్టి స్టీలు వైరు. క్రౌన్ తిరగబడి ఉంటుంది కాబట్టి ఫ్లాప్ (కోసిన చిగురు పొర) ఎత్తగానే ఎదురయ్యేది సాధారణంగా అంగిలివైపు ముఖం. బటన్ (లాగడానికి పన్నుకు అతికించే చిన్న గుండీ) ముందు దానికే అతికించి, పన్ను దిగాక పెదవివైపుకు మార్చాలి. ఎముకను ఎనామిల్ ముగిసే గీత దాటి తీయొద్దు, అతికించే ముందు పూసే యాసిడ్ జెల్ వేరు మీద పడనీయొద్దు. ఈ రెండింట్లో ఏది తప్పినా తర్వాత పన్ను మెడ దగ్గర వేరు కరిగే ప్రమాదం ఉంది. రక్తం పూర్తిగా ఆగాకే అతికించండి, తడిమీద పెట్టిన బటన్ ఊడుతుంది. బటన్‌కు కట్టిన లాగే చైన్ బయట ఉంచి ఫ్లాప్ మూసేయండి.

లాగే బలం 60 గ్రాముల దగ్గర, గేజ్‌తో కొలిచి. మూడు నాలుగు వారాలకోసారి సరిచూడండి. పన్ను కదలకుండా పక్క పళ్లు పైకి పోతుంటే బలం పెంచకండి. బటన్ ఊడిందో, ఎముక అడ్డుందో, పన్ను ఎముకకు అతుక్కుందో ముందు తేల్చుకోవాలి.

ప్రశ్న అడిగినవారు
దిగాక వంకర కొస ఎటు పోతుందండీ?

సమాధానం 1
ముందుకే. పెదవి లోపల బుడిపెలా వేలికి తగులుతుంది. అది కనిపించాక వేరును ముందుకు నెట్టే టార్క్ (తిప్పే బలం) ఇవ్వకండి. ఎముక చీల్చుకుని బయటికొస్తే రూట్ కెనాల్ చేసి ఆ కొస కోసేయాల్సి రావచ్చు. ఈ సంగతి తల్లిదండ్రులకు మొదటిరోజే చెప్పాలి.

సమాధానం 2
మెడ దగ్గరే లంబకోణంలో వంగి, వేరు మరీ పొట్టిగా ఉంటే తీయడం ఆలోచించవచ్చు. అప్పుడు ఎదిగే వయసు కాబట్టి ఇంప్లాంట్ కుదరదు. వేరు మూడింట రెండు నుంచి నాలుగింట మూడు వంతులు పెరిగిన ప్రీమోలార్‌ను (కోరపన్ను వెనక పన్ను) అక్కడికి మార్చి నాటే దారి ఉంది. కానీ ఎనిమిదిన్నరకు ఆ ప్రీమోలార్ వేరు సాధారణంగా అంత పెరిగి ఉండదు. దానికోసం ఆగాలంటే ఆ చోటు మూసుకుపోకుండా స్పేస్ మెయింటైనర్ పెట్టండి.