ఊళ్ళో చిన్న యోగా సెంటర్‌కి నెలనెలా డబ్బు కట్టడం దండగేనా?

కాలువగట్టు (పాలకొల్లు):
మా వీధిలో మేడ మీద యోగా సెంటర్ తెరిచారు. నెలకి 800. మా ఆవిడా, మా అమ్మా చేరతామంటున్నారు. ఆయుష్ శాఖ వాళ్ళ 45 నిమిషాల యోగా క్రమం ఫోన్‌లో ఊరికే దొరుకుతుంది. 2025లో జూన్ 21 యోగా దినోత్సవానికి ముందు నెల రోజులూ యోగాంధ్ర అని ఊరూరా ఉచితంగానే నేర్పారు. ఇంకా ఇద్దరికీ కలిపి 1600 దేనికి? నా మట్టుకు దండగ. కాదన్నవాళ్ళు కారణం చెప్పండి. "మనశ్శాంతండీ" అని మాత్రం అనకండి. దానికి గుడుంది, టిక్కెట్టు లేదు.

చెరువు కాపలా (భీమవరం):
యోగాంధ్ర విశాఖ బీచ్‌లో ఘనంగా ముగిసింది, కాదనను. జూన్ 22 పొద్దున మీ వీధిలో చాప పరిచిందెవరో ముందు చెప్పండి.
నాది రొయ్యల చెరువుల పని. తెల్లారగట్ల నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది, లేచి నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లకి జనరేటర్ వేయాలి. నిద్ర ఎప్పుడూ ముక్కలే. సాయంత్రం బ్యాచ్‌కి వెళ్తున్నప్పటినుంచీ పడుకోగానే నిద్ర పడుతోంది. నాకొచ్చిన లాభం అంతే. నిమిషానికి ఆరు ఊపిర్లకి దించి తీసి వదిలితే గుండె వేగం నెమ్మదిస్తుందని చెప్పి, మా సార్ పక్కన కూర్చుని లెక్కపెడతారు. ఇంట్లో అయితే మూడో ఊపిరికే ఫోన్ మోగుతుంది. అదీ చెరువు దగ్గర్నుంచే.

సార్వా దాళ్వా (ఆచంట):
ఇదంతా కుర్చీలో కూర్చునేవాళ్ళ ముచ్చటండి. ఊడ్పులకెళ్ళిన మనిషి పొద్దుటినుంచి బురదలో వంగే ఉంటుంది. కొబ్బరి దింపు తీసేవాడు రోజంతా చెట్లెక్కుతూ దిగుతూ ఉంటాడు. వాళ్ళకి ముందుకి వంగి పాదాలందుకునే పాదహస్తాసనం నేర్పుతారా?

మేడమీద చాప (అమలాపురం):
నేర్పరు. అందుకే కదండీ సెంటర్ కావాలనేది!
మా బ్యాచ్‌లో పదిమందికి మించి ఉండరు. ఊడ్పులు లేని రోజుల్లో వచ్చే ఆవిడ ఒకామె ఉంది. మేమంతా ముందుకి వంగుతుంటే మేడమ్ ఆమెని మాత్రం బోర్లా పడుకోబెట్టి భుజంగాసనం, ఆ తర్వాత వెల్లకిలా సేతుబంధాసనం వేయిస్తారు, రెండూ నడుముని వెనక్కి వంచేవే. వంగి వంగి అరిగిన నడుముకి మళ్ళీ వంగడం దేనికంటారు. ఫోన్‌లో అబ్బాయి అందరికీ ఒకటే చెబుతాడు. బీపీ ఉన్నవాళ్ళకీ కాళ్ళు పైకెత్తి భుజాల మీద నిలిచే సర్వాంగాసనమే, గ్లకోమా అనే కంటి జబ్బు ఉన్నవాళ్ళకీ శీర్షాసనమే, కడుపుతో ఉన్నవాళ్ళకీ పొట్ట కుదుపుతూ ఊపిరి వదిలే కపాలభాతే, ఎవరు వేయకూడనిది వాళ్ళకే. మీ మెడ ఎటు తిరిగిందో వాడికి కనిపించదు. కాలువగట్టు గారూ, మీ అమ్మగారికి బీపీ ఉందా? ఉంటే ఆ 800 మీరనుకున్నంత దండగ కాదు.
నడుం నొప్పి సంగతి నేను కల్పించింది కాదు. అమెరికా ఫిజీషియన్ల కాలేజీ అనే డాక్టర్ల సంఘం 2017లో ఇచ్చిన సూచనల్లో, చాలాకాలంగా ఉన్న నడుం నొప్పికి మందుల కంటే ముందు చూడాల్సినవాటిలో యోగా కూడా ఉంది.
ఇంకోటి. ఒక్కరోజు మానేస్తే మర్నాడు "నిన్న కనపడలేదేం?" అని నలుగురూ పట్టుకుంటారు. ఆ సిగ్గుకే నేను సగం రోజులు వెళ్తున్నాను. ఆయ్, నిజమే చెబుతున్నా.
మా సెంటర్‌లో నాకు నచ్చనిదీ ఉంది. గోడ మీద "షుగర్ గ్యారంటీగా మాయం" అని బోర్డు. అది తీసేయమని మేడమ్‌తో పోట్లాడుతూనే ఉన్నాను.

కట్టు కట్టేవాడు (తణుకు):
ఫిజియోథెరపీ చేస్తుంటాను. ఆ బోర్డు తీయించండి అక్కా. దాన్ని నమ్మి బిళ్ళలు మానేసి మా దగ్గరికొచ్చేవాళ్ళున్నారు. యోగా వల్ల కీళ్ళు కదులుతాయి, పెద్దవాళ్ళకి నిలకడ వస్తుంది, బీపీ కొద్దిగా దిగొచ్చు. మందుకి తోడు, మందుకి బదులు కాదు. నెమ్మదిగా వేసే ఆసనాలతో నడక లోటు కూడా తీరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవడంలాంటి శ్రమ చేయమంటోంది. కాలువ గట్లుండగా మనకి చోటు కరువా?
సెంటర్ మంచిదో కాదో మొదటి రోజే తెలిసిపోతుంది. చేరినప్పుడు మీ రోగాలు, ఆపరేషన్లు అడగకుండా డబ్బు తీసుకుంటే వెనక్కి వచ్చేయండి.

కాలువగట్టు (పాలకొల్లు):
అమ్మకి బీపీ ఉంది. రోగాలేవీ అడగలేదు, ఆధార్ జిరాక్స్ అడిగారు. అమ్మ మాటకి ఒప్పుకుంటాను. ఆరోగ్యంగా ఉన్న మా ఆవిడకి ఫోన్ చాలదా అన్నది అలాగే ఉంది.

క్యారేజీ కట్టాక (రాజోలు):
మీ ఆవిడకే ఎక్కువ కావాలి అన్నయ్యా. ఇంట్లో చాప పరిస్తే కుక్కర్ పిలుస్తుంది, పిల్లలు పిలుస్తారు, ఆఖరికి మీరూ పిలుస్తారు. ఆ గంట గుమ్మం దాటడానికే మేం డబ్బు కడుతున్నాం. నా గొడవల్లా టైముతోనే. అయిదున్నర బ్యాచ్ మగాళ్ళకి కుదురుతుంది, ఆ వేళ మేం పొయ్యి దగ్గరుంటాం. మా ఊళ్ళో ఆడవాళ్ళం కలిసి అడిగితే పదకొండింటికి పెట్టారు. పైన రేకుల షెడ్డు, ఎండాకాలం కూర్చోలేం.

కాలువగట్టు (పాలకొల్లు):
ఇక్కడ పదకొండు బ్యాచ్ లేదు. ఎంతమంది అడిగితే పెడతారు?

క్యారేజీ కట్టాక (రాజోలు):
మేం ఆరుగురం వెళ్ళాం. ఫ్యాను వేయిస్తేనే కడతామని కూడా చెప్పండి.